వరి కుచ్చు మీద వాలేవన్నీ పిచ్చుకలేనా? ఇంట్లో పందెం దాకా వెళ్లింది, కాస్త చెప్పండి

పెరటిగడప:
అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. కోతలైపోగానే మా అమ్మ ఏటా కొత్త వరి కంకులతో కుచ్చు అల్లించి వసారా దూలానికి వేలాడదీస్తుంది, పిచ్చుకల కోసం. ఇన్నేళ్లూ ఏవో వచ్చి తిని పోయేవి, ఎవరూ తలెత్తి చూసింది లేదు. ఈసారి మా బావగారు సెలవులకి వచ్చి, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలో కూర్చుని "మామయ్యగారూ, ఇవి పిచ్చుకలు కావండీ, గిజిగాళ్లు" అన్నారు. అంతే, మొదలైంది. మా నాన్నగారు "గిజిగాడంటే తల పసుప్పచ్చగా ఉండాలి, వీటిలో ఒక్కదానికైనా ఉందా? ఇవి పిచ్చుకలే" అని ఆయన పట్టు ఆయన పట్టారు. ఒక పెట్టె ఆత్రేయపురం పూతరేకులు పందెం. తీర్పు చెప్పాల్సింది నేనట, ఇంట్లో కాస్త మంచి ఫోను ఉన్నది నా దగ్గరే కాబట్టి.

ఫొటోలు తీశాను, కానీ జూమ్ చేస్తే పిట్ట బదులు గోధుమరంగు మరక కనిపిస్తోంది. అందుకని కంటికి కనిపించింది రాస్తున్నాను. నాకు అర్థమైనంతలో మూడు రకాలు వస్తున్నాయి. ఒకటి, పది పదిహేను కలిసి గుంపుగా కరెంటు తీగ మీద వాలి, అక్కడినుంచి ఒక్కసారిగా కుచ్చు మీదకు దిగుతాయి. వీపు మీద చారలు, ముక్కు లావు. రెండోది చాలా చిన్నది, చారలూ గీరలూ ఏమీ లేకుండా మట్టికుండ రంగులో ఉంటుంది, ముక్కు మాత్రం నల్లగా. కంకికి తలకిందులుగా వేలాడి తింటుంది. మూడోది ఆడ పిచ్చుకలా ఉంది, కన్ను వెనక లేత గీత. దీనితో పాటు వచ్చేదానికి గొంతు కింద నలుపు ఉందీ లేనట్టుగా ఉంది, మాసిపోయిన బొట్టులాగ. అది మగ పిచ్చుకేనా? అయితే అంత తక్కువ నలుపేమిటి?

ఎవరైనా పిట్టలు తెలిసినవాళ్లు ఉంటే తేల్చండి. పూతరేకుల్లో నాకూ వాటా ఉంది.

గట్టుమీదిరావు:
మీ నాన్నగారూ బావగారూ ఇద్దరూ సగం సగం గెలిచేట్టున్నారు. నేను రాజమండ్రిలో ఉంటాను, రిటైరయ్యాక పన్నెండేళ్లుగా ఇదే పని. మొదటి రెండేళ్లు నేనూ మీలాగే రంగు చూసి పేరు పెట్టేవాణ్ణి, సగానికి పైగా తప్పులే. గోధుమరంగు పిట్టల్లో రంగు చూసి లాభం లేదు. పొద్దున ఎండలో ఒక రంగు, మబ్బు పడితే ఒక రంగు. ముందు ముక్కు చూడండి, తరవాత రొమ్ము చూడండి, ఆ తరవాత అది తినే తీరు చూడండి. వీపు మీద చారలు పిచ్చుకకీ ఉంటాయి, గిజిగాడికీ ఉంటాయి, కాబట్టి చారల లెక్క వదిలేయండి.

మీ మూడో రకం నుంచి మొదలుపెడతాను, అది తేలిక. ఆడ పిచ్చుక రొమ్ము శుభ్రంగా ఉంటుంది, ఒక్క గీత కూడా ఉండదు, ఉతికి ఉతికి వెలిసిపోయిన ఖాకీ చొక్కాలా ఉంటుంది. కన్ను మీద నుంచి వెనక్కి లేత గీత. ఆ ఏడాది పుట్టిన పిల్లలు మగవైనా మొదట్లో తల్లిలాగే ఉంటాయి కాబట్టి గూటి నుంచి వచ్చిన కొత్తలో అన్నీ ఆడవే అనిపిస్తాయి. ఇక ఆ మాసిన బొట్టు. అది నిక్షేపంగా మగ పిచ్చుకే. వానాకాలం ముగిశాక పిచ్చుకకి కొత్త ఈకలు వస్తాయి. గొంతు కింద వచ్చే నల్ల ఈకల చివర్లు లేత రంగులో ఉంటాయి, అందుకని నలుపు లోపల దాగిపోతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ చివర్లు అరిగి రాలి లోపలి నలుపు బయటపడుతుంది. అంటే ఎండాకాలానికి దాని గొంతు నల్లబడేది రంగు మారి కాదు, ఈక అరిగి! ఫిబ్రవరి మార్చి కల్లా మీకే తెలుస్తుంది తేడా. ముక్కు కూడా చూస్తూ ఉండండి, ఇప్పుడు కొమ్ము రంగులో ఉన్నది గూడు పెట్టే రోజులకి నల్లగా అవుతుంది.

తీగ మీద గుంపు, లావు ముక్కు అన్నవి నా లెక్కలో గిజిగాళ్లే. మీ నాన్నగారు చెప్పిన పసుపు తల నిజమే కానీ అది పెళ్లికొడుకు వేషం. వానాకాలంలో మగదానికి మాత్రమే, గూడు కట్టే నాలుగు నెలలు మాత్రమే. ఆడదానికి ఎప్పుడూ పసుపు తల లేదు. పని అయిపోయాక మగది కూడా ఆ వేషం విప్పేసి ఆడదానిలా గోధుమరంగుకి వచ్చేస్తుంది. అందుకే జనం "వానలు పోయాక గిజిగాళ్లు ఎక్కడికి పోతాయో" అని అడుగుతూ ఉంటారు, అవి వాళ్ల కళ్లముందే కంకులు తింటూ ఉంటాయి. పిచ్చుకతో పోలిస్తే ముక్కు మొదట్లో బాగా వెడల్పు, నుదురు నుంచి ముక్కు కొసదాకా ఒకటే వాలు, తోక పొట్టి. పిచ్చుక తోక కొంచెం పొడుగు, ముక్కుకీ నుదుటికీ మధ్య విరుపు ఉంటుంది. పక్కనుంచి చూడండి, ఎదురుగా చూస్తే ఏమీ తెలియదు.

చిన్నది, మట్టికుండ రంగుది, నల్లముక్కుది: జినువాయి (ఇంగ్లీషులో మునియా) పిల్ల. పెద్దదైతే పొట్ట మీద చేప పొలుసుల్లాగా తెలుపు గోధుమ గళ్లు ఉంటాయి, ముఖం ముదురు చాక్లెట్ రంగు. పిల్లలకి ఆ పొలుసులు రావడానికి నెలలు పడుతుంది. ఇవి వానాకాలంలో గూళ్లు పెడతాయి కాబట్టి డిసెంబరులో పిల్లల గుంపులు కనిపించడం మామూలే. పొలుసులున్నది ఒక్కటైనా వాటితో వస్తుందేమో కాచుకుని చూడండి. బరువు చూస్తే పిచ్చుకలో సగం ఉంటుంది, అందుకే కంకికి అంత సులువుగా వేలాడుతుంది.

కొండాపూర్_బాల్కనీ:
రావుగారు చెప్పాక చెప్పేందుకు పెద్దగా ఏం లేదు కానీ ఫోన్ మాట వచ్చింది కాబట్టి. మెర్లిన్ అని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల యాప్ ఉంది, ఉచితమే, మన దేశం పిట్టల ప్యాక్ వేసుకోవాలి. మైక్ ఆన్ చేసి వసారాలో పెడితే కూత విని పేరు చూపిస్తుంది. పిచ్చుక, కుట్టుపిట్ట, పికిలిపిట్ట లాంటి వాటికి నాకైతే బాగానే పనిచేసింది. కానీ ఫొటో ఇచ్చి అడిగితే మాత్రం మీ మరకలాంటి ఫొటోకి అది కూడా మీ బావగారి లాగే ధైర్యంగా ఏదో ఒకటి చెప్పేస్తుంది, నమ్మకండి. నాకు ఒకసారి ఆడ నల్లంచిని (ఇండియన్ రాబిన్) పట్టుకుని ఇంకేదో అంది. ఆడ నల్లంచి కూడా గోధుమరంగే కదా, కానీ తోక ఎప్పుడూ పైకెత్తి, తోక కింద ఇటుక రంగు కనిపిస్తుంది, ముక్కు సన్నం. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుల దగ్గర ఒక జంట ఉంటుంది, దాన్ని ఆరు నెలలు నేను పిచ్చుక అనుకున్నాను, సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నా.

రావుగారూ, ఒక డౌట్. తణుకు అంటే కొల్లేరు మరీ దూరం కాదు కదా, ఆ గుంపు మామూలు గిజిగాడే అని ఎలా చెప్పగలం? చారల గిజిగాడు కూడా అయ్యే చాన్స్ ఉంది కదా?

గట్టుమీదిరావు:
మంచి ప్రశ్న, నేను తొందరపడ్డాను. చారల గిజిగాడు నీళ్ల దగ్గర జమ్ములో, తుంగలో ఎక్కువ ఉంటుంది, గూడు కూడా అక్కడే కడుతుంది, మామూలు గిజిగాడిలాగా తాటిచెట్టుకీ ఈతచెట్టుకీ పొడుగాటి గొట్టంతో వేలాడదీయదు. దాన్ని పోల్చుకోవడానికి రొమ్మే ఆధారం. చారలదానికి రొమ్ము మీద కూడా నల్లటి గీతలు స్పష్టంగా ఉంటాయి, మామూలుదానికి రొమ్ము గోధుమపిండి రంగులో దాదాపు సాదాగా ఉంటుంది. పెరటిగడపగారూ, అదొక్కటి చూసి చెప్పండి. అలాగే మీ ఊళ్లో కాలవ గట్టున తాటిచెట్లకి పాత గూళ్లు వేలాడుతున్నాయేమో కూడా చూడండి, అవి ఉంటే సగం తేలినట్టే.

కొర్రచేను:
మాది అనంతపురం జిల్లా. మీరంతా కుచ్చులు కట్టి పిలుస్తున్నారు, మేము కొర్ర కంకి పాలు పట్టినప్పటినుంచి డబ్బా కొట్టి తోలుతుంటాం, ఆ పిట్టలు ఇవే. తోలీ తోలీ వీటి మొహాలు బాగా తెలిసిపోయినాయి.

మా దిక్కు మీ పొలుసుల జినువాయి తక్కువ, తెల్లపొట్టది ఎక్కువ. ఒళ్లంతా లేత మట్టిరంగు, కింద తెలుపు, తోక నల్లగా కొస దేరి ఉంటది, ముక్కు లావుగా సీసం రంగు. ఎగిరినప్పుడు నడుము మీద తెల్లమచ్చ తళుక్కుమంటది. ఇది గిజిగాడు వదిలేసిన పాత గూడు దొరికితే దాంట్లోనే కాపురం పెడుతుంది, కష్టపడి కట్టేది వాడు, ఉండేది ఇది. తుమ్మచెట్టు మీద ఆరేడు ఒకే కొమ్మకి భుజం భుజం ఆనించి కూర్చుంటే అవి జినువాయిలే అనుకో. పిచ్చుకలు అట్లా ఒరుసుకుని కూర్చోవు, మధ్యలో జానెడు ఎడం పెట్టి కొట్లాడుకుంటాయి.

ఇంకొకటి మీరెవరూ చెప్పలేదు. మా చేని గట్టున వేపచెట్టులో ఒక పిట్ట ఉంటది, పిచ్చుకే అనుకునేవాణ్ణి. చూస్తే వీపు మీద ఒక్క చార లేదు, సాదా బూడిద మట్టిరంగు. భుజం దగ్గర తుప్పు రంగు మచ్చ, రెక్క మీద రెండు తెల్ల పట్టీలు, ముక్కు పిచ్చుకకంటే సన్నం. మగదానికి గొంతు దగ్గర చిన్న పసుపు బొట్టు ఉంటది కానీ అది తల ఎత్తితే తప్ప కనపడదు. పసుపుగొంతు పిచ్చుక అంటారంట, మా పెద్దోళ్లు కొండపిచ్చుక అంటారు. ఇండ్లలోకి రాదు, చెట్టు తొర్రలోనే.

చిన్నప్పటి సంగతి ఒకటి. తిరునాళ్లలో మా నాయన ఆకుపచ్చ పిట్టలని రెండు కొనిచ్చినాడు. పంజరంలో గిన్నెలో నీళ్లు పెట్టినాం, అవి స్నానం చేసినాయి, గిన్నెలో నీళ్లు ఆకుపచ్చ, పిట్టలు గోధుమరంగు. జినువాయిలకి రంగు పూసి అమ్మినాడు వాడు. మూడోరోజు ఒకటి చచ్చిపోయింది, రెండోదాన్ని మా అవ్వ తిట్టి వదిలిపెట్టించింది. ఇప్పుడు వాటిని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం అన్నీ చట్టప్రకారం నేరం, అయినా సంతల్లో అక్కడక్కడ కనిపిస్తానే ఉన్నాయి. రంగుల పిట్ట అని ఎవరన్నా చూపిస్తే ముందు ముక్కు చూడండి, ఎంత రంగు పూసినా ముక్కు ఆకారం మారదు.

మంచుదేశపు_తెలుగు:
కొర్రచేనుగారూ, ఆ పసుపుగొంతు పిచ్చుక మామూలు పిట్ట కాదండీ. సలీం అలీ పది పన్నెండేళ్ల వయసులో బొంబాయిలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు చూసి, ఇదేమిటని వాళ్ల మామయ్యని అడిగితే ఆయనకీ తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిల్లార్డ్ అనే ఆయన పేరు చెప్పడమే కాకుండా బీరువాలు తెరిచి అక్కడి పిట్టల నమూనాలన్నీ చూపించాడట. అంటే ఈ దేశంలో పిట్టల చదువుకు పెద్దదిక్కు అయిన మనిషి కూడా మొదలుపెట్టింది "ఇది పిచ్చుకేనా" అన్న దగ్గరే. మీ వసారా పందెం చిన్నదేమీ కాదు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ ఫీడర్ పెడితే ఇదే తలనొప్పి, పిట్టలు వేరు అంతే. మన ఊర పిచ్చుక ఇక్కడ కూడా ఉంది, 1850లలో యూరప్ నుంచి తెచ్చి బ్రూక్లిన్‌లో వదిలారు, ఇప్పుడు ప్రతి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో అదే. దాంతోపాటు హౌస్ ఫించ్ ఆడది వస్తుంది, గోధుమరంగే, సైజు అదే. కానీ దాని రొమ్ము నిండా మసక చారలు, కన్ను మీద గీత ఉండదు, ముఖం ఏ గుర్తూ లేకుండా చప్పగా ఉంటుంది. పిచ్చుకకి తిరగేసి: రొమ్ము సాదా, కన్ను మీద గీత. మూడోది సాంగ్ స్పారో, దాని రొమ్ము చారలన్నీ మధ్యలో కలిసి ఒక మచ్చ అవుతాయి. మా అత్తగారు ఆర్నెల్లు ఉండడానికి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని నాకంటే ముందు పట్టేశారు, "ఈ బొట్టు పెట్టుకున్నది నిన్న రాలేదమ్మా" అని. అప్పటినుంచి మా ఇంట్లో దానిపేరు బొట్టుపిట్టే.

కొండాపూర్_బాల్కనీ:
బొట్టుపిట్ట సూపర్ అండీ.

పెరటిగడపగారికి ఇంకో మాట, కుచ్చు మీదకి కాకుండా చెట్లలో తిరిగే చిన్న గోధుమ పిట్టల్ని ఈ లెక్కలో కలపకండి. ముక్కు సూదిలా సన్నగా ఉంటే అది గింజ తినే పిట్టే కాదు, పురుగులు తినేది. కుట్టుపిట్ట అయితే నెత్తి మీద తుప్పురంగు టోపీ, వీపు ఆకుపచ్చ ఛాయ, ఒంటికి మించిన గొంతు. ప్రినియా అయితే తోక ఒంటికంటే పొడుగనిపిస్తుంది, ఎగిరేటప్పుడు టకటకమని చిటికెలు వేసినట్టు చప్పుడు. ఇవి కంకి వైపు కన్నెత్తి కూడా చూడవు.

పెరటిగడప:
రెండ్రోజులు ఆలస్యమైంది, క్షమించాలి, నిన్నా ఇవాళా పొద్దున్న ఆరున్నర నుంచి వసారాలోనే ఉన్నాను. పక్కింటి వాళ్లబ్బాయి దగ్గర బైనాక్యులర్స్ అరువు తెచ్చాను. నాన్నగారు కుర్చీ పక్కన వేసుకుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ మొత్తం వింటున్నారు.

ముందు చిన్నది. రావుగారు అన్నట్టే పొలుసులున్నది ఒకటి వచ్చింది, దాని వెనక నాలుగు మట్టికుండలు. దగ్గరగా చూస్తే ఎంత బాగుందో ఆ పొట్ట, అమ్మ అయితే వెంకటగిరి చీర బుటా అంది. ఒక పిల్లని పది నిమిషాలు అదే పనిగా చూశాను. గింజని కంకి నుంచి లాగి, ముక్కులో అటూ ఇటూ దొర్లించి, నాలుకతో తిప్పి, ఊక ఒక పక్కనుంచి జార్చేస్తుంది, గింజ లోపలికి వెళ్లిపోతుంది, అంతా రెప్పపాటులో. ఒక్కసారి కూడా కాలు వాడలేదు. మాటిమాటికీ పట్టు జారి కిందికి వచ్చి, మళ్లీ పైకి పాకి, మళ్లీ తలకిందులు. తింటున్నంతసేపూ దాని మొహం మీద ఊక రాలుతూనే ఉంది. పిచ్చుక జంట మాత్రం కుచ్చు ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించి, రెక్కలు కొట్టుకుని, చివరికి కింద గచ్చు మీద ఆ జినువాయిలు రాల్చిన గింజలు ఏరుకుంది. గొంతు బొట్టు మీరు చెప్పినట్టే, ఈకలు పెదవి విరిచినట్టు కాస్త విడివడినప్పుడు లోపల నలుపు కనిపించింది. నాన్నగారు ఆ జంటని చూసి "ఇవి పిచ్చుకలే కదా, నేనేం చెప్పాను" అన్నారు. నిజమే మరి.

ఇక తీగ మీద గుంపు. లెక్కపెట్టాను, పదిహేడు. పక్కనుంచి చూస్తే నుదురు, ముక్కు ఒకటే వాలు, రావుగారి మాట అక్షరాలా కనిపించింది. తోక పొట్టి. పదిహేడింట్లో తొమ్మిదింటి రొమ్ము స్పష్టంగా చూడగలిగాను, అన్నీ సాదా, గీతలు లేవు. రెండింటికి కన్ను మీద గీత కొంచెం పసుపుగా ఉందని నాకనిపించింది, ఎండ వల్ల కూడా అయుండొచ్చు. సాయంత్రం బావగారూ నేనూ బండి మీద కాలవ గట్టుకి వెళ్లాం. తాటిచెట్టుకి పన్నెండు పాత గూళ్లు. వాటిలో నాలుగైదు సగం కట్టి వదిలేసినవి, హెల్మెట్‌లాగా కింద తెరుచుకుని ఉన్నాయి. బావగారు వాటి ఫొటో తీసి (గూడు కదలదు కాబట్టి ఈ ఫొటో బాగా వచ్చింది) నాన్నగారికి చూపించారు.

గట్టుమీదిరావు:
సగం గూళ్లు ఆడవాళ్లకి నచ్చనివండీ. మగది ఆ హెల్మెట్ దాకా కట్టి ఆగి, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడది వచ్చి లోపలికి దూరి, లాగి చూసి, దానికి నచ్చితేనే మగది మిగతాది, ఆ గొట్టంతో సహా, పూర్తిచేస్తుంది. నచ్చకపోతే అది అలాగే ఎండిపోతుంది, మగది ఇంకొకటి మొదలుపెట్టుకోవాల్సిందే. మీరు చెప్పిన రొమ్ము, నుదురు, తోక, దగ్గర్లో గూళ్లు, ఇన్ని కలిశాక నాకు అనుమానం లేదు. గుంపు మామూలు గిజిగాళ్లు, జంట పిచ్చుకలు, చిన్నవి జినువాయిలు. పందెం మీరే తేల్చుకోండి, నా వాటా రాజమండ్రికి పంపినా సరే.

పెరటిగడప:
తేలలేదండీ. రావుగారి మెసేజ్ గట్టిగా చదివి వినిపించాను. నాన్నగారు మొత్తం విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆయన పెద్దమనిషి, కాదనను, కానీ పసుపు నా కంటితో చూసేదాకా అవి గిజిగాళ్లని నేను ఒప్పుకోను" అన్నారు. మగవాటికి ఆ పసుపు మళ్లీ ఎప్పటికి వస్తుంది అని అడిగారు. మే, జూన్ అని చెప్పాను, అంతేనా రావుగారూ? పూతరేకులు అప్పటిదాకా వాయిదా. బావగారు మాత్రం జూన్‌కి సెలవు ఇప్పుడే పెట్టేశారు.